డాట్ మీద కప్పిన దుప్పటి

మా చెల్లెలి మొగుడు క్లైవ్ గొర్రెల మీద పద్యాలు రాస్తాడు. గొర్రె తోక కింద పేరుకున్న పెంటబొచ్చు మాత్రం ఒక్కనాడూ కత్తిరించి ఎరగడు. ఆ పని నా చెల్లెలు ఎడ్నాది. నేను ముప్ఫై ఏళ్లు ఉన్ని కత్తిరించే ముఠాలతో ఊరూరా తిరిగినదాన్ని. ఆ పెంట నా గోళ్లలోంచి ఇంకా పోలేదు. అందుకే అతగాడి పద్యం మొదలైతే నాకు చెవులు మూసుకోవాలనిపిస్తుంది.

మా ఊరు యర్రాబిన్‌లో ఏటా జరిగే వ్యవసాయ ప్రదర్శనలో పద్యాల పోటీ ఉంటుంది. కాగితం చూడకూడదు, ప్రాస తప్పకూడదు. మూడేళ్లుగా కప్పు క్లైవ్‌దే. మాటలు మాత్రం మా నాన్నవి. గొర్రెల దొడ్డిలో వాడేవి, అవి ఈనే వేళ వాడేవి, వాన గాలికీ ఉత్త గాలికీ ఆయన పెట్టిన పేర్లు, అన్నీ ఎడ్నా ఒక ఎర్రట్ట పుస్తకంలో ముందు సగం నిండా రాసుకుంది. క్లైవ్ వాటికి కంపు వదలగొట్టి, తేనె పూసి, అదే పుస్తకం వెనక సగంలో పద్యాలుగా దింపుతాడు. ఎడ్నా వాటిని పెద్దక్షరాల్లో తిరగరాసి పెడుతుంది కూడా. ఏం చెప్పను!

ఈసారి అతనికి మాటలు చాల్లేదు. పక్కన గొర్రె నిలబడాలన్నాడు. మందలో ఇంకే గొర్రే దొరకనట్టు డాట్‌ని ఎంచుకున్నాడు. తల్లి చచ్చిపోతే ఎడ్నా వంటింట్లో పెట్టుకుని సీసాతో పాలు పట్టి పెంచిన గొర్రె అది. తొమ్మిదేళ్లుగా ఎడ్నా గొంతు వినిపిస్తే చాలు, ఎంత మేతైనా వదిలేసి వస్తుంది.

ఆ వారమంతా వాన, ఉక్క, పచ్చ ఈగలు. శనివారం పొద్దున ప్రదర్శన హాల్లో కుర్చీలో కూర్చుంటూ ఎడ్నా చెప్పింది. మంగళవారం క్లైవ్ డాట్‌కి షాంపూతో తలంటి, మురికి కాకుండా దుప్పటి కట్టేశాడట.

"ఆరకముందే కట్టాడా?" అన్నాను.

"ఆరిందనే అన్నాడక్కా."

"నువ్వు చెయ్యి పెట్టి చూశావా లేదా?"

"చూడబోతే మురికి చేస్తావన్నాడు."

నాకు ఒళ్లు మండింది. తడి ఉన్ని మీద దుప్పటి కట్టడమంటే గుడ్లు పెట్టుకోమని ఈగల్ని పిలిచి పక్క వెయ్యడమే. మా వైపు పుట్టినవాడెవడైనా చేసే పనేనా అది?

అప్పటికే క్లైవ్ వేదిక మీద ఉన్నాడు. దుప్పటి లాగేసరికి డాట్ తెల్లగా మెరిసింది. హాలంతా చప్పట్లు. ముందు వరసలో పట్నం నుంచి వచ్చిన న్యాయనిర్ణేత లాటిమర్ గారు పరవశంగా తలాడించాడు. క్లైవ్ అందుకున్నాడు:

"మంచున తడిసిన గడ్డిలో మా వెన్నెలల మంద,
మందతోపాటే నేనూ మబ్బునీడల కింద..."

డాట్ వెనక కాలితో దబదబా నేలను తన్నింది. తాళం వేస్తోందనుకుని జనం నవ్వారు. క్లైవ్ కూడా నవ్వాడు, వెధవ. అది మెడ తిప్పి తన భుజం కొరుక్కోబోయింది. అటు తిరిగినప్పుడు భుజం వెనక అరచేతంత నల్లటి తడి మచ్చ కనబడింది. ఆ వెంటనే వాసన వచ్చింది. పక్క బల్ల మీద క్రీము కేకులున్నా దాని దారి అది వెతుక్కుని వచ్చింది.

"ఎడ్నా, పురుగు పట్టింది. కత్తెర తే."

"అయిపోవచ్చిందక్కా. మధ్యలో ఆపితే నెల్లాళ్లు మాట్లాడడు."

"లోపల్లోపల తినేస్తున్నాయే! చచ్చేది నీ డాట్, వాడి పద్యం కాదు."

డాట్ ముందు కాళ్లు వణికాయి. ఎడ్నా లేచి పరుగెత్తింది. పక్క షెడ్డులో పాతకాలం కత్తిరింపు చూపిస్తున్న ముసలాయన చేతిలోంచి కత్తెర లాక్కొచ్చి, తిన్నగా వేదిక ఎక్కింది. నేనూ ఎక్కి డాట్‌ని వెనక్కి కూలేసి పట్టుకున్నాను. ఎడ్నా కత్తెర ఆనించగానే ఉన్ని చెక్కలా ఊడింది. దాని కింద పురుగులు అన్నం మెతుకుల్లా కదులుతూ జలజలా రాలి, లాటిమర్ గారి బూట్ల దాకా దొర్లాయి. ఎవరో వాంతి చేసుకున్నారు.

"వదినా, ఇంకా నాలుగు పాదాలున్నాయి!" అన్నాడు క్లైవ్.

"చదువుకో నాయనా. నిన్నెవరు ఆపారు?"

చదివాడు! ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, వెన్నెలా మబ్బులూ ఒక్కటి వదలకుండా చదివాడు. లాటిమర్ గారు బూట్లు తుడుచుకుంటూనే ఆ నిబ్బరానికి మెచ్చి కప్పు అతనికే ఇచ్చాడు. చూసి సిగ్గుతో చచ్చిపోయాను. ఈ మనుషుల కంటే ఆ పురుగులే నయమనిపించింది. అవి కనీసం పద్యం చెప్పవు.

హాలు వెనక నీడలో డాట్‌ని పడుకోబెట్టాం. దొరికినంత బొచ్చు తీసేసి పచ్చి మాంసం కనబడుతున్న చోట మందు పోశాం. అది కళ్లు మూసుకుని రొప్పుతోంది. ఎడ్నా దాని తల ఒళ్లో పెట్టుకుని పేరు పిలుస్తూనే ఉంది. అప్పుడొచ్చాడు క్లైవ్, ఒక చేతిలో కప్పు, ఇంకో చేతిలో ఎర్రట్ట పుస్తకం.

"ఎడ్నా, ఇలా పురుగు పట్టడాన్ని మామగారు ఏదో మంచి మాట అనేవారే, ఇందులో రాశావా? వచ్చే ఏడాదికి ఇదే రాస్తాను. పురుగుల్ని ముత్యాలంటే ఎలా ఉంటుంది?"

డాట్ ఎలా ఉందని కూడా అడగలేదు మనిషి!

ఎడ్నా చెయ్యి చాపింది. మాట వెతికి ఇస్తుందనుకుని అతను పుస్తకం అందించాడు. ఆమె వెనక సగం తెరిచి, వెన్నెలల మంద ఉన్న పేజీ చర్రున చింపింది. దాంతో వేళ్ల మధ్య పురుగులు తుడుచుకుని ఉండ చేసి అతని కప్పులో పడేసింది.

"అది రేపు పత్రికకి ఇవ్వాలే!" అని క్లైవ్ లబలబలాడాడు.

డాట్ కళ్లు తెరిచి, ఎడ్నా మోకాలి పక్కనున్న గడ్డిపరక కొరికింది. బతుకుతుంది. ఎడ్నా పుస్తకం నా వైపు తోసింది.

"ముందు సగం నాన్నది, జాగ్రత్త," అంది. "వెనక నుంచి ఇంకో పద్యం చింపివ్వక్కా. కత్తెర కూడా తుడవాలి."