ఉమ నంబరు

పొయ్యి మీద పాలు పెట్టి, అవి పొంగేలోగా ఉమామహేశ్వరి అత్తగారి పేరుతో చుట్టాలందరికీ శుభోదయాలు పంపేది. అత్తగారిది మీటల ఫోను. చెల్లెళ్లకూ తోడికోడళ్లకూ వాట్సాప్ ఉండి తనకు లేకపోవడం ఆమెకు చిన్నతనంగా తోచింది. అందుకని ఆమె నంబరుతో కోడలి ఫోన్లో ఒక ఖాతా తెరిచారు. "నా పేరుతో పెట్టేటప్పుడు కాస్త పెద్దరికంగా పెట్టు ఉమా. ఆ నవ్వే మొహాలవీ పెట్టబాక" అనేది.

ఇడ్లీలు దించాక ఉమ దుకాణమయ్యేది. మార్కాపురం బజారులో భర్త వేణుగోపాల్‌కు చీరల దుకాణం. ఫోన్లు ఆయన ఎత్తుతాడు, మెసేజీలన్నీ ఆమె చూడాలి. "టైపింగే గదా, ఉల్లిగడ్డలు తరుక్కుంటా చేసేయొచ్చు" అన్నాడాయన మొదట్లో. రంగు పోతుందా, జాకెట్టు ముక్క ఉంటుందా, తర్లుపాడుకు పంపుతారా, పామూరుకు పంపుతారా అన్నీ చేతులు కొంగుకు తుడుచుకుంటూ చెప్పేది. మధ్యాహ్నం ఆయన పేరుతో వ్యాపారుల సంఘం గ్రూపులో "సరే బ్రదర్" అని రాసేది. ఒకసారి సంఘం అధ్యక్షుడి తల్లి పోతే ఉమ రాసిన నాలుగు మాటలు చూసి, "వేణూ, నీ మనసు వెన్న" అని అందరూ పొగిడారు. ఆ మెప్పు ఆయన రాత్రి భోజనం దగ్గర చదివి వినిపించాడు. రాసింది ఎవరో ఆయనకు నిజంగానే గుర్తులేదు.

ఆ మూడూ కాక నాలుగోది ఆమె సొంత ఖాతా. మరిది శ్రీకాంత్ ఆన్‌లైన్‌లో జాకెట్టు ముక్కలు అమ్ముతానని కొత్త నంబరు తెచ్చిన రోజు ఆ నాలుగోది పోయింది.

"ఈ ఫోన్లో నాలుగే పడతాయి వదినా. ఒకటి తీసేయాల. నీది తీసేద్దామా? నువ్వు పెద్దగా వాడవు గదా" అన్నాడు. సమాధానం వచ్చేలోపే తీసేశాడు. "రెండు సిమ్ములెందుకు, నీకొచ్చే ఫోన్లు కూడా దీనికే రమ్మను" అని ఆమె సిమ్ము తీసి తనది వేశాడు. ఉమ నవ్వి ఊరుకుంది. ఆ నవ్వు తర్వాత చాలాసార్లు గుర్తొచ్చి ఆమె ఒళ్లు మండింది. పుట్టింటివాళ్లకు కొత్త నంబరు చెప్పింది. వాణికి కూడా చెప్పాలనుకుంది. ఇవాళ, రేపు అనుకుంటూనే ఎండాకాలం గడిచింది, వానాకాలం వచ్చింది.

వాణి గిద్దలూరులో టీచర్ ట్రైనింగ్ చదివేటప్పుడు ఒకే గదిలో ఉన్న స్నేహితురాలు. కొమరోలులో సేద్యం చేసుకునే రంగయ్య, రోశమ్మల కూతురు. ఆ రోజుల్లో ఉమకు ఒళ్లంతా అమ్మవారు పోసింది. ఇంట్లో అన్న పెళ్లి పెట్టుకున్నారు, ఇప్పుడు తీసుకురావద్దన్నారు పుట్టింటివాళ్లు. రోశమ్మ మాత్రం బస్సు దిగి నేరుగా గదికొచ్చి, తన చీర కొంగు ఉమకు కప్పి కొమరోలు తీసుకుపోయింది. వేపాకు మీద పడుకోబెట్టి, దురద పుట్టినప్పుడల్లా లేచి ఒళ్లు నిమిరింది. "గోకబాక తల్లీ, మొహాన మచ్చలు పడితే నీ మొగుడు నన్ను తిడతాడు" అని నవ్వించేది. ఉమ మొహాన ఒక్క మచ్చ కూడా పడలేదు. ఉద్యోగం మాత్రం చేయలేదు. పెళ్లయ్యాక ఆ మాటెత్తితే వేణుగోపాల్, "నీకేం తక్కువని" అన్నాడు.

కార్తీకంలో ఒక పొద్దున దుకాణం నంబరుకు మెసేజీ వచ్చింది. దినాలకు పెట్టడానికి చీరలు కావాలట. ఉమ ఫొటోలు పంపింది. "ఇవి మెత్తగా ఉంటాయి సార్, పెద్దవాళ్లు కూడా కట్టుకోవచ్చు" అని రాసింది. అవతలి మనిషి నాలుగు రకాలు ఎంచుకుని, బస్సులో పార్శిల్ వేయమని చిరునామా పెట్టాడు. కొమరోలు, రంగయ్య కొడుకు నరేష్.

పోపు మాడిపోతున్నా ఉమ కదల్లేదు. తర్వాత పొయ్యి ఆపి, "ఎవరికండీ దినాలు?" అని రాసింది.

"మా అమ్మకు సార్. రోశమ్మ."

మర్నాడు చీరల మూట తనే పట్టుకుని బయల్దేరింది. వేణుగోపాల్ విస్తుపోయాడు. "కండక్టరుకు ఇస్తే చేరేదానికి మనిషి పోవాల్నా? దుకాణం మెసేజీలు ఎవరు చూస్తారు?"

"నేను పోవాల" అంది. కంభం దాటి, గిద్దలూరులో బస్సు మారి కొమరోలులో దిగేసరికి మధ్యాహ్నమైంది.

షామియానా కింద వాణి ఒక్కతే కూర్చుని ఉంది. ఉమను చూసి లేవలేదు. మూట చూసింది.

"ఆ దుకాణం మీదని మా నరేష్‌కు తెల్వదు. తెలిస్తే అక్కడ కొననిచ్చేదాన్ని కాదు."

ఉమ ఆమె పక్కనే నేల మీద కూలబడింది. "నాకు ఎవరూ చెప్పలేదే వాణీ..."

"ఎట్ల చెప్పాల? మీ ఊరి ఆస్పత్రిలోనే ఉండినాం. మీ బజారు వెనక సందులో. అమ్మ కళ్లు తెరిచినప్పుడల్లా మన ఉమ ఈ ఊర్లోనే ఉండాది గదా, పిలువు అనేది. నీకు ఫోన్ చేస్తే స్విచాఫ్. మెసేజీలు పోలా. నీ పెళ్లికి పెట్టిన సంచీ మీద నంబరు చూసి దుకాణానికి చేసినా. మీ ఆయన ఎత్తినాడు. చెప్తాలేమ్మా అన్నాడు."

"చెప్పలేదు."

"మీ ఆయనకు నేనంటే గిట్టక చెప్పలేదేమోనని, మా వదిన ఫోన్లోంచి దుకాణం వాట్సాప్‌కు పెట్టినా. నేను కూడా కాదు, అమ్మే మాట్లాడింది. ఆయాసపడతా మాట్లాడింది." వాణి కళ్లు తుడుచుకోలేదు. "దానికి జవాబొచ్చింది. వాయిస్ పెట్టొద్దు, టైప్ చేసి పంపండి మేడమ్ అని. మా అమ్మకు సంతకం కూడా రాదు గదనే ఉమా."

ముక్కూమొహం తెలియని నంబర్ల నుంచి గొంతు మెసేజీలు వస్తే విడివిడిగా వినే తీరిక ఉమకుండదు. వంటింట్లో కుక్కరు కూతలు, హాల్లో అత్తగారి టీవీ. అందుకే ఆ ఒక్క వాక్యం తయారుగా పెట్టుకుని, చూడకుండానే అందరికీ పంపుతుంది. ఆ రోజు కూడా పంపి ఉంటుంది. పప్పు మెదుపుతూనో, బట్టలు ఆరేస్తూనో. ఇంకొకరి పేరుతో, మర్యాదగా. ఆయన చెప్పడం మర్చిపోయాడు సరే, మరిది సిమ్ము తీసేశాడు సరే, ఆఖరి తలుపు మూసింది మాత్రం తన చేయే. ఎవరిని తిడదామన్నా ఆ వేలు తనవైపే తిరుగుతోంది.

"అది పెట్టింది నేనేనే" అంది చివరికి.

వాణి తిడుతుందేమో అనుకుంది ఉమ. తిట్టినా బాగుండేది. వాణి లోపలికి పోయి మంచినీళ్లు తెచ్చిచ్చింది. ఉమ తిరిగొచ్చేటప్పుడు బస్టాపు దాకా తోడొచ్చి, "ఇప్పుడన్నా నీ నంబరు చెప్పు" అంది.

ఉమ నోరు తెరిచింది. నాలుక చివర నాలుగు నంబర్లున్నాయి. దుకాణానిది, మొగుడిది, అత్తది, మరిదిది.

"రేపు చెప్తా" అంది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, దుకాణం ఖాతాలో కిందికి కిందికి పోయి ఆ మెసేజీ వెతికి పట్టుకుంది. ఫోను చెవికి ఆనించుకుంది.

"ఉమా... నేనేలే తల్లీ. ఈ ఊర్లోనే ఉండా. వీలైతే ఒకసారి వచ్చిపో. కుదరకపోతే ఏం పర్లేదమ్మా, సంసారమన్నాక పనులుంటాయి."

మార్కాపురం వచ్చేదాకా అదే వింది. బస్టాండులో దిగి, ఇంటివైపు కాకుండా సిమ్ముల దుకాణంవైపు నడిచింది. ఆధార్ ఇచ్చి, వేలిముద్ర వేసి, తన పేరున కొత్త నంబరు తీసుకుంది.

ఇంట్లో ముగ్గురూ కాచుకుని ఉన్నారు. పొద్దున్నుంచి మెసేజీలకు జవాబుల్లేవని భర్త, ఆర్డర్లు పోయాయని మరిది. "మా చెల్లెలు నాకేమైందోనని ఫోన్ చేసింది" అంది అత్తగారు.

ఉమ వాళ్లెదుటే కూర్చుంది. మరిది సిమ్మూ ఖాతా తీసేసి, ఆ చోట తన కొత్త నంబరు పెట్టుకుని, రోశమ్మ గొంతును దానికి పంపుకుంది. తర్వాత మిగతా ఖాతాలు కూడా ఒక్కోటీ తీసేస్తూ వచ్చింది.

"ఏం చేస్తాండావ్? దుకాణం నంబరుకు జవాబులెవరిస్తారు?" వేణుగోపాల్ లేచి నిలబడ్డాడు.

"అది మీ నంబరండీ. మీరే ఇయ్యండి."

"ఇప్పుడేమైందని ఇంత రాద్ధాంతం?"

"వాణి ఫోన్ చేస్తే చెప్తానన్నారంట."

ఆయన మొహంలో ఏదో మెదిలింది. "ఆ... ఎవరో ఒకామె చేసింది. బేరాల్లో పడి మర్చిపోయినా. అంత ముఖ్యమా?"

ఉమ లేచింది. పెరట్లోకి వెళ్లి బట్టలు ఆరేసే తీగ కింద గట్టు మీద కూర్చుంది. సాయంత్రపు ఎండ గోడ మీదికి ఎక్కుతోంది. వాణి పేరు తెరిచి ఏదో టైప్ చేయబోయి, చెరిపేసింది. మైకు గుర్తు మీద వేలు నొక్కి పట్టింది.

"వాణీ, నేను ఉమని. ఇది నా నంబరు. అమ్మ పిలిచిందే... ఇప్పుడు విన్నా."