స్కేర్‌నెస్ గడ్డిలో

స్కేర్‌నెస్ మైదానం గురించి డన్‌రిగ్ గోల్ఫ్ క్లబ్బులో ఎప్పుడూ రెండు మాటలుండేవి. దేశదేశాల ఆటగాళ్ళు వచ్చి పెద్ద పోటీలాడే ఆ సముద్రపు ఒడ్డు మైదానంలో ఒక్కసారైనా ఆడనివాడు స్కాట్లండ్‌లో పుట్టీ దండగేనన్నది ఒక మాట. గొర్రెలు మేసే ఇసుకదిబ్బల్లో జెండాలు పాతి జనాన్ని వెర్రివాళ్ళను చేస్తున్నారన్నది రెండోది. మొదటి పక్షానికి పెద్ద ఫర్గస్ టలక్, హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనవాడు. రెండో పక్షానికి పెద్ద వాటీ ముయిర్‌హెడ్, ఊరి నడిబొడ్డున మాంసం కొట్టు నడిపేవాడు. ఇద్దరూ ఒకే బడిలో చదివారు, ఒకే ఏడు పెళ్ళిళ్ళు చేసుకున్నారు, శనివారాలు కలిసే ఆడతారు. ఈ ఒక్క విషయంలో మాత్రం ఉప్పూ నిప్పూ.

"నేరుగా కొట్టిన బంతి దారిలో ఏదో మిట్టకు తగిలి ఇసుక గుంటలో పడుతుంది. అడ్డదిడ్డంగా కొట్టింది దొర్లుకుంటూ పోయి జెండా పక్కన కూర్చుంటుంది. దానికంటే పేకాట మేలు కదరా," అనేవాడు వాటీ.

"న్యాయం కావాలంటే కోర్టుకు పో," అనేవాడు ఫర్గస్. "మన కొండ మైదానం అమ్మలాంటిది, తప్పు చేసినా కడుపులో పెట్టుకుంటుంది. సముద్రపు మైదానం అలా కాదు. మనిషి ఎలాంటివాడో బయటికి లాగుతుంది."

ఫర్గస్ మాటకు క్లబ్బులో బరువుండేది. రూల్స్ కమిటీకి ఎన్నో ఏళ్ళుగా అతనే పెద్ద. రూలు దగ్గర అతనికి చుట్టమూ లేదు, స్నేహితుడూ లేడు. కిందటేడు శరత్కాలపు కప్పు వాటీ గెలిచాడు. గెలిచిన సంతోషంలో టీ తాగుతూ, ఫలానా చోట ఆకు తీస్తుంటే బంతి కాస్త కదిలింది, మళ్ళీ యథాస్థానంలో పెట్టేశానని నవ్వుతూ చెప్పాడు. తక్కువ దెబ్బల్లో ముగించినవాడిదే గెలుపు. బంతి కదిలించినందుకు ఒక దెబ్బ లెక్కలో కలపాలి, వాటీ కలపలేదు. ఫర్గస్ రూల్స్ పుస్తకం తెరిచి, ఆ గెలుపు చెల్లదన్నాడు. అప్పటికే కప్పు వాటీ కొట్టు అద్దం వెనక, సాసేజీల పక్కన మెరుస్తోంది. దాన్ని గుడ్డలో చుట్టి వాటీయే తెచ్చి ఇచ్చాడు. "రూలు రూలే" అని ఒక్క ముక్క అన్నాడు. తర్వాత శనివారం మామూలుగానే ఆటకు వచ్చాడు.

ఈ ఇద్దరితో ఆడే మూడో మనిషి ఐల్సా క్రైటన్. ఊళ్ళో ఇంటింటికీ తిరిగి రోగులను చూసే నర్సు. భర్త కాలిన్ పోయాక అతని గోల్ఫ్ కర్రలు అమ్మలేక, తనే పట్టుకుని నేర్చుకుంది. స్కేర్‌నెస్‌లో బయటివాళ్ళు ఆడాలంటే లాటరీలో పేరు రావాలి. అడగకుండా ముగ్గురి పేర్లూ పంపించింది ఐల్సాయే. వచ్చాయి.

"నేను రాను," అన్నాడు వాటీ.

"రాకపోతే పోయేది నీ నోరే," అంది ఐల్సా. "చూడకుండా తిట్టేవాణ్ణి ఎవరు లెక్కచేస్తారు? వచ్చి చూసి తిట్టు."

ఆ మాటకు వాటీ లొంగాడు.

మే నెల, మంగళవారం. సముద్రం మీద నుంచి గాలి ఏటవాలుగా కొడుతోంది. పద్దెనిమిది హోళ్ళలో మొదటిదాని దగ్గర నిలబడగానే ఫర్గస్ టోపీ తీశాడు. వాటీ అతని వంక చూసి, "ఏంట్రా, చర్చికొచ్చావా?" అన్నాడు.

ఆట మొదలయ్యాక వాటీ చెప్పిన కష్టాలన్నీ వాటీకే వచ్చాయి. ఒక ఇసుక గుంటలో దిగితే తల కూడా కనబడలేదు. ఇసుక ఎగరడం, బూతు వినబడడం, మళ్ళీ ఇసుక ఎగరడం. ఐల్సా నవ్వి నవ్వి కూర్చుండిపోయింది. ఆమె ఆటా అంతంతమాత్రమే, కానీ గాలికి ఎదురు నడుస్తూ, పక్షులను చూస్తూ, పోయిన బంతులకు చేతులూపి వీడ్కోలు చెబుతూ హాయిగా ఉంది.

ఫర్గస్‌కు మాత్రం ఆ రోజు ఏ దేవుడు పూనాడో. గాలికి అందకుండా నేలబారున బంతిని దొర్లించాడు. జెండా వైపు కాకుండా దిబ్బ వైపు కొడితే బంతి తనంతట తనే తిరిగి వచ్చింది. అరవై మూడేళ్ళ జీవితంలో ఎక్కడా తొంభై దెబ్బల లోపు ఆట ముగించని మనిషి, ఇవాళ స్కేర్‌నెస్‌లో ముగించేలా ఉన్నాడు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. ఎవరూ పైకి అనడంలేదు.

పదహారో హోల్లో గాలి ఒక్కసారి బలంగా విసిరింది. ఫర్గస్ రెండో దెబ్బ గాల్లోనే పక్కకు జరిగి, దిబ్బ వెనకాల పల్లంలో, మోకాలెత్తు ముతక గడ్డిలో పడింది. మిగతా ఇద్దరూ తమ బంతులు వెతుక్కుంటూ వేరే వైపు పోయారు. ఫర్గస్ ఒక్కడే పల్లంలోకి దిగాడు.

బంతి దొరికింది. గడ్డి దుబ్బు మొదట్లో, వేళ్ళ మధ్య ఇరుక్కుని, గూట్లో గుడ్డులా ఉంది. దాన్ని అక్కడి నుంచి ఏ కర్రతోనూ కదపడం సాధ్యం కాదు. ఆడలేనని చెప్పి, ఒక దెబ్బ నష్టపోయి, బయటికి తీసి వేసుకోవచ్చు. ఆ రూలు అతనికి కంఠతా వచ్చు, పదిమందికి చెప్పినవాడే. జానెడు అవతల ఎవరో నడిచి గడ్డి అణిగిన చదును ఉంది.

ఏమీ ఆలోచించలేదని తర్వాత చాలాసార్లు తనకు తను చెప్పుకున్నాడు. అది నిజం కాదు. ముందు తలెత్తి చుట్టూ చూశాడు. చూసినవాడు ఆలోచించినట్టే. తర్వాత బూటు అంచుతో బంతిని దుబ్బులోంచి ఆ చదును మీదికి నెట్టాడు.

నడుం ఎత్తేసరికి దిబ్బ మీద వాటీ ఉన్నాడు. చేతులు జేబుల్లో పెట్టుకుని, ముఖం సముద్రం వైపు.

"దొరికిందా?" అడిగాడు వాటీ, ఇటు తిరగకుండానే.

"దొరికింది," అన్నాడు ఫర్గస్.

అప్పుడైనా బంతిని వెనక్కి పెట్టి ఉండవచ్చు. పెడితే ఎందుకు పెడుతున్నావని వాటీ అడుగుతాడు. కర్ర ఎత్తి కొట్టాడు. అంత చక్కని దెబ్బ ఫర్గస్ తన జన్మలో కొట్టలేదు. బంతి దిబ్బ దాటి, పచ్చిక మీద వాలి, జెండా పక్కకు నడిచి వెళ్ళింది. అవతల నుంచి ఐల్సా కేక పెట్టి చప్పట్లు కొట్టింది. ఫర్గస్ చెవులు వేడెక్కాయి.

ఆట ఎనభై తొమ్మిది దెబ్బలతో ముగిసింది. ఐల్సా అతన్ని కౌగిలించుకుని, అతని కార్డు మీద సాక్షిగా సంతకం పెట్టింది. వాటీ చెయ్యి కలిపాడు. ఆ చెయ్యి గట్టిగానే పట్టుకుంది, ఎప్పటిలాగే. ఫర్గసే ముందు వదిలించుకున్నాడు.

క్లబ్‌హౌస్‌లో చేపల సూప్ ముందు కూర్చున్నాక పాత వాదం మళ్ళీ లేచింది.

"చూసి తిట్టమన్నావుగా, తిడుతున్నాను విను," అన్నాడు వాటీ ఐల్సాతో. "తొమ్మిదో హోల్లో నేను కొట్టినదానికి ఏ వంక పెట్టగలవు? తీసుకెళ్ళి గుంటలో పడేసింది. ఇది మైదానం కాదు, దొంగల అడ్డా."

"నాకు బాగుంది," అంది ఐల్సా. "ఇక్కడ ఎవరూ నా మీద జాలి చూపలేదు. గాలి నన్ను అందరితో సమానంగా తోసింది. కాలిన్ ఎందుకు పదేపదే దీని పేరెత్తేవాడో ఇవాళ తెలిసింది."

"నువ్వు చెప్పరా," వాటీ ఫర్గస్ వైపు తిరిగాడు. "ఏదో అనేవాడివే, మనిషిని బయటికి లాగుతుందని."

ఫర్గస్ చెంచాతో సూప్ తిప్పుతూ కూర్చున్నాడు. "గాలి ఎక్కువగా ఉంది," అన్నాడు చివరికి.

"వీడికి మాట పడిపోయింది. ఆనందం," అంది ఐల్సా.

వాటీ తన సూప్ గిన్నె పక్కకు జరిపాడు. రొట్టె విరిచి వెన్న రాసుకున్నాడు. అతను చూశాడా లేదా అన్నది ఫర్గస్‌కు అంతుబట్టలేదు. చూసి ఉంటే బాగుండునని ఒక క్షణం, చూడకపోతే చాలునని మరుక్షణం అనిపించింది. రెండో కోరికే గట్టిగా ఉందని తెలిసి మరింత చితికిపోయాడు.

ఇంటికి వెళ్ళే దారంతా ఐల్సా కారు నడుపుతూ ఆ పదహారో హోల్ దెబ్బ గురించే చెప్పింది. మర్నాటికి ఊరంతా చెప్పింది. మంచం పట్టిన ముసలివాళ్ళకు ఇంజెక్షను ఇస్తూ చెప్పింది. రొట్టెల కొట్టులో ఫర్గస్ భార్య నెట్టాను ఆపి నలుగురు అభినందించారు. ఆమె ఇంటికొచ్చి, "ఒక్క మాటైనా చెప్పలేదేం? ఎప్పుడూ లేని వినయం ఎక్కణ్ణుంచి వచ్చింది?" అని నవ్వింది. ఫర్గస్ కోటు తగిలించుకుని బయటపడ్డాడు. కాళ్ళు వాటీ కొట్టుకే వెళ్ళాయి.

కొట్లో మిసెస్ డ్రైస్‌డేల్ నిలబడి ఖీమా కొట్టించుకుంటోంది. "వచ్చాడమ్మా మన ఛాంపియన్," అంది. ఫర్గస్ గోడకున్న గొర్రె తొడల వంక చూస్తూ ఆమె వెళ్ళేదాకా నిలబడ్డాడు.

"ఏం కావాలి?" అడిగాడు వాటీ.

"వాటీ, ఆ పదహారో హోల్ దగ్గర..."

"ఊఁ."

"బంతిని కాలితో జరిపాను."

వాటీ కత్తిని గుడ్డతో తుడిచి పక్కన పెట్టాడు. "తెలుసు."

"చూశావా?"

"దిబ్బెక్కింది నీ బంతి వెతికి పెడదామనిరా. సముద్రం చూడ్డానికి కాదు."

ఫర్గస్ కౌంటరు దగ్గరికి జరిగాడు. "మరి అక్కడే ఎందుకు అడగలేదు?" అన్నాడు.

"అడిగితే ఒప్పుకునేవాడివి. అడక్కుండా చెబుతావేమో చూద్దామనుకున్నాను. పద్దెనిమిదో హోల్ దాకా చూశాను. సూప్ దగ్గర చూశాను. కార్లో చూశాను." వాటీ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ఆ కప్పు చుట్టి తెచ్చిన రోజు నా కూతురు ఏడ్చిందిరా. వాడు చేసిందే న్యాయం, ఊరుకోమ్మా అన్నాను. నీకు తెలీదులే అది."

ఫర్గస్ తల వంచుకుని నెత్తురు పీల్చడానికి నేల మీద చల్లిన రంపపు పొట్టు చూస్తూ నిలబడ్డాడు. క్షమించమనబోయి మానుకున్నాడు. ఆ మాట తనకు తేలిక, వాటీకి బరువు అనిపించింది.

"ఎందుకు జరిపావు?" అడిగాడు వాటీ. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగాడు.

"తొంభై లోపు రావాలని."

"అంతేనా?"

"అంతే."

"దరిద్రుడా," అన్నాడు వాటీ మెల్లగా. "ఐల్సాకు చెప్పావా?"

"లేదు."

"నాకు చెప్పడం సుళువు. చూసినవాణ్ణి. వెళ్ళి ఆమెకు చెప్పు."

ఐల్సా తన ఇంటి గుమ్మంలోనే ఉంది, మందుల సంచి భుజానికి తగిలించుకుని బయల్దేరుతోంది. ఫర్గస్ అక్కడే నిలబడి చెప్పేశాడు. ఆమె సంచి దించి మెట్టు మీద పెట్టింది.

"ఆ కార్డు మీద సంతకం నాది," అంది.

"అవును."

"నేను నిన్ను చూసి గర్వపడలేదు ఫర్గస్, అలా అనుకోకు. సంతోషపడ్డాను. కాలిన్ పోయాక ఇంత మంచి రోజు నాకు రాలేదు. దాన్ని ఇంటింటికీ మోసుకెళ్ళి పంచాను. ఇప్పుడు ఆ గడపలన్నీ మళ్ళీ ఎక్కి ఏం చెప్పను?"

"నేనే చెబుతాను. శనివారం క్లబ్బులో."

"చెప్పు. నీ మనసు తేలికవుతుంది," అంది ఆమె. సంచి తీసుకుని అతని పక్కనుంచి వెళ్ళిపోయింది. ఆ రాత్రి అతను నెట్టాకు కూడా చెప్పాడు. ఆమె నవ్వలేదు, తిట్టలేదు. చేస్తున్న అల్లిక ఆపి, "రేపు రొట్టెల కొట్టుకు నువ్వు వెళ్ళు," అంది.

శనివారం మధ్యాహ్నం క్లబ్బు నిండుగా ఉంది. స్కేర్‌నెస్ గురించి ఫర్గస్ నాలుగు మాటలు చెబుతాడని అందరూ కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు. అతను లేచి నాలుగు మాటలే చెప్పాడు. తన ఆట ఎనభై తొమ్మిది కాదని, బంతిని కాలితో జరిపానని, సంతకం పెట్టినామెకు ఆ సంగతి తెలియదని, రూల్స్ కమిటీ నుంచి తప్పుకుంటున్నానని. వాటీ చూశాడన్న సంగతి మాత్రం చెప్పలేదు.

గదిలో ఎవరూ అతన్ని తిట్టలేదు. తిట్టి ఉంటే నయం. ఎవరో గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడైంది. ఇంకెవరో ఈ వాన తగ్గేలా లేదన్నారు. నెమ్మదిగా మాటలు మళ్ళీ మొదలయ్యాయి, కాస్త దూరంగా. క్లబ్బు ముసలి కెప్టెన్ మాత్రం దగ్గరికొచ్చి, "రూల్స్ పుస్తకం రేపు తెచ్చివ్వు," అన్నాడు. అందులో కోపమేమీ లేదు. అదే ఫర్గస్‌ను గుచ్చింది.

రెండు శనివారాలు అతను ఇల్లు కదల్లేదు. మూడో శనివారం వాటీ వచ్చి గుమ్మం ముందు హారన్ కొట్టాడు. ఐల్సా రాలేదు. ఆమె ఆ వేసవంతా ఆడవాళ్ళ జట్టుతో ఆడింది. ఎదురైతే పలకరించేది, ఆగేది కాదు. స్కేర్‌నెస్‌కు మరోసారి పేరు పంపిందని మాత్రం తెలిసింది.

కొండ మైదానంలో సన్నగా జల్లు పడుతోంది. నాలుగో హోల్లో ఫర్గస్ బంతి పొదల పక్క గడ్డిలోకి పోయింది. అతను అక్కడికి నడిచి, దూరంగా నిలబడిపోయాడు.

"వాటీ, ఒకసారి ఇలా రా."

వాటీ తడిసిన బూట్లీడ్చుకుంటూ వచ్చి చూశాడు. బంతి మామూలుగానే ఉంది. "ఏమైంది?"

"ఏం లేదు. ఎక్కడుందో చూస్తావని."

వాటీ వెళ్ళిపోయాడు. ఏడో హోల్లో మళ్ళీ పిలిచాడు. పదకొండులోనూ పిలిచాడు. అప్పుడు వాటీ నడుం మీద చేతులు పెట్టుకుని, "ప్రతిసారీ నన్ను పిలుస్తూ కూర్చుంటావా?" అన్నాడు.

"పిలుస్తాను."

"ఎన్నాళ్ళు?"

ఫర్గస్ బంతి వైపు చెయ్యి చూపించాడు. వాటీ ఒక నిమిషం అతని ముఖంలోకి చూసి, టోపీ మీది నీళ్ళు దులుపుకుని, గడ్డిలోకి వంగాడు.

"ఉంది. కనబడుతోంది. కొట్టు," అన్నాడు.