తబితాకి వేరే గిన్నె

నూజివీడు దాటి బాపులపాడు వైపు వెళ్ళే దారిలో, మామిడి తోట మధ్యనున్న ఒక ఇంటి పెరట్లో పొద్దున్నే పొయ్యి వెలిగింది. పొయ్యి మీద పెద్ద మూకుడు, మూకుట్లో నెయ్యి, నేతిలో జీడిపప్పు. వంటకు వచ్చిన మంగమ్మ చిల్లుల గరిటెతో పప్పును తిప్పుతూ, ఎర్రబడగానే తీసి పళ్ళెంలో పోసింది. మూకుడు అడుగున నలుసులు మిగిలాయి. అదే నేతిలో కిస్‌మిస్ వేసి, పొంగగానే తీసేసింది. ఆ తర్వాత అదే నేతిలో సేమ్యా పోసి దోరగా వేయించసాగింది. మన ఇళ్ళల్లో ఎవరైనా ఇలాగే చేస్తారు. అంత నెయ్యి పారబోసుకునే వాళ్ళెవరున్నారు గనక! కమ్మటి వాసన హాల్లో కుర్చీలు సర్దుతున్న వాళ్ళ దాకా వెళ్ళి నోరూరించింది. ఆ నేతిలో ఒక పసిపిల్ల ప్రాణానికి ముప్పు ఉంది. ఆ పిల్లకి జీడిపప్పు పడదని తెలిసిన వాళ్ళు ఆ ఇంట్లో నలుగురున్నారు. నలుగురూ నోరు మూసుకుని ఉన్నారు.

ఆ ఇల్లు సుసన్నమ్మగారిది. డెబ్బై ఏళ్ళు నిండినందుకు ఆ రోజు సాయంత్రం ఇంట్లో కృతజ్ఞత ప్రార్థన కూటం పెట్టుకున్నారు. ఆవిడ మాటంటే చర్చిలో అందరికీ గౌరవం. ఆవిడ చేతి సేమ్యా పాయసం అంటే గౌరవం కన్నా ఇంకో మెట్టు ఎక్కువే. కొడుకు సంతోష్ కుమార్ తోటలు చూసుకుంటాడు. కోడలు లీదియా నూజివీడులో ఒక స్కూల్లో టీచరు. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు తబితా రెండో క్లాసు పాసై మూడులోకి వచ్చింది.

తబితా మూడేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు ఒక పెళ్ళిలో ఎవరో ముద్దుచేసి జీడిపప్పు బర్ఫీ ముక్క నోట్లో పెట్టారు. కాసేపటికే మూతి వాచి, ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి. విజయవాడ తీసుకెళ్తే అక్కడి డాక్టరు పరీక్షలు చేయించి, ఈ పిల్లకి జీడిపప్పు పడదని తేల్చి చెప్పారు. ఈసారికి మూతితో పోయింది, ఇంకోసారి ఊపిరే ఆడకపోవచ్చు, నలుసు చాలు, గరిటె తగిలినా చాలు, ఎక్కడికి వెళ్ళినా ముందు దగ్గర్లో ఆస్పత్రి ఎక్కడుందో చూసుకోండి అన్నారు. ఆ మాటలు విన్న రోజు నుంచి లీదియాకు పండగంటే భయం. ఎవరింటికి పిలుపొచ్చినా ఆవిడ కళ్ళు ముందు పిల్లల చేతుల్లో ఏముందో వెతుకుతాయి.

కూటం వారం ఉందనగా లీదియా అత్తగారి దగ్గర కూర్చుని మెల్లగా కదిపింది.

"అత్తయ్యా, ఈసారికి పాయసంలో జీడిపప్పు మానేద్దామండీ. కొబ్బరి పలుకులు వేయించి వేద్దాం, బానే ఉంటుంది."

"నా డెబ్బయ్యో పుట్టినరోజుకి జీడిపప్పు లేని పాయసమా?" సుసన్నమ్మగారు నవ్వేశారు. "మీ వదిన దయామణి అత్తింటివాళ్ళంతా చింతలపూడి నుంచి దిగుతున్నారు. గతిలేక మానేశారనుకోరూ?"

"ఎందుకు మానేశామో చెబుదామండీ. పాపకి పడదని చెబితే ఎవరేమనుకుంటారు?"

సుసన్నమ్మగారు లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చారు.

"మెల్లగా మాట్లాడు! అది ఆడపిల్ల. దానికి ఫలానా జబ్బుందని ఇవాళ ఊరంతా చాటితే, రేపు పెళ్ళీడుకొచ్చాక ఎవరొస్తారే ముందుకి? జబ్బు పేరేంటో జనానికి గుర్తుండదు గానీ, ఆ పిల్లకేదో ఉందంట అన్న మాట మాత్రం చచ్చేదాకా గుర్తుంటుంది. ఇంటి సంగతి ఇంట్లోనే ఉండనీ. నేను చూసుకుంటాగా!"

ఎనిమిదేళ్ళు నిండని పిల్ల. ఆ పిల్లకి ఎప్పుడో రాబోయే సంబంధం గురించి ఇప్పటి నుంచే దాపరికం! చదివేవాళ్ళకు విడ్డూరంగా ఉండొచ్చు. కానీ ఫిట్స్ ఉన్న పిల్లాడినీ, చెవుడున్న పిల్లనీ, ఆయాసమున్న పిల్లనీ ఇలాగే నలుగురి ముందూ దాచే ఇళ్ళు మన వీధిలోనే ఎన్ని ఉన్నాయో ఎవరికి వారే గుండె మీద చెయ్యేసుకుని చెప్పాలి.

ఆడపడుచు దయామణి రెండు రోజుల ముందే వచ్చింది. కూటానికి వచ్చే పిల్లలందరికీ బహుమతిగా డ్రైఫ్రూట్స్ డబ్బాలు ఇద్దామని ఆవిడ ఆలోచన.

"వద్దు వదినా, అందులో అన్నీ అవే కదా! పిల్లలు ఒకళ్ళ చేతిలోది ఒకళ్ళు లాక్కుని తింటారు. రంగు పెన్సిళ్ళూ, బొమ్మల పుస్తకాలూ తెచ్చి ఉంచాను, అవి ఇద్దాం" అంది లీదియా.

"ఏంటి లీదియా, నీదంతా అతి! మా ఊరి చుట్టూ జీడితోటలే. మా పిల్లలు చెట్టు కిందే పెరిగారు, ఎవరికేమైంది చెప్పు? పండగపూట పిల్లల చేతిలో తీపి పెట్టకుండా పెన్సిలు పెడతావా? కొంచెం కొంచెం పెడుతూ పోతే అదే అలవాటవుతుంది. నువ్వే దాన్ని గాజుబొమ్మని చేస్తున్నావు."

ఇద్దరి మధ్యా నలిగిపోయిన సంతోష్ కుమార్ చివరికి రాజీ కుదిర్చాడు. బహుమతుల్లో తినేవి వద్దు, పెన్సిళ్ళే ఇద్దాం. కేకు లీదియా తనే ఇంట్లో చేస్తుంది. పాయసం మాత్రం అమ్మ ఇష్టప్రకారం. పాపకి వేరే గిన్నెలో తీసి, అందులో జీడిపప్పు వేయకుండా ఉంటే సరిపోతుంది. అందరూ సరేనన్నారు. లీదియాకు మాత్రం లోపల్లోపల పీకుతూనే ఉంది. మళ్ళీ నోరెత్తితే అత్తగారి పుట్టినరోజు పాడుచేసిన కోడలనిపించుకుంటానని ఊరుకుంది.

కూటం నాటి పొద్దున సుసన్నమ్మగారు పెరట్లోకి వచ్చి, మంగమ్మ చేతికి ఒక చిన్న గిన్నె ఇచ్చారు.

"మా తబితాకి ఇందులో వేరేగా తియ్యి. జీడిపప్పు వేయకు. దానికి ఇష్టం ఉండదు."

ఇష్టం ఉండదు! పడదు అనాల్సిన చోట ఆ మాట అన్నారు. మంగమ్మ "అలాగేనమ్మగారూ" అని, పాలల్లో సేమ్యా ఉడికాక పెద్ద గిన్నెలోంచి రెండు గరిటెలు ఆ చిన్న గిన్నెలోకి తీసింది. ఆ తర్వాతే పెద్ద గిన్నెలో జీడిపప్పు కలిపింది. చెప్పింది చెప్పినట్టు చేసింది పాపం.

మధ్యాహ్నం నుంచీ మబ్బు పట్టింది. ఆకు కదలడం లేదు. కోతలు సగంలో ఉన్నాయి, గాలివాన వస్తుందేమోనని సంతోష్ కుమార్ మాటిమాటికీ ఆకాశం వంక చూస్తున్నాడు. భయపడాల్సిన చోటు అది కాదని అతనికేం తెలుసు!

సాయంత్రానికి హాలు నిండిపోయింది. పాస్టరు పాల్ రాజుగారు వాక్యం చెప్పి ప్రార్థన చేశారు. పాటలు పాడారు, కేకు కోశారు, పిల్లలకు పెన్సిళ్ళు పంచారు. ఆ తర్వాత మళ్ళీ వేడిచేసిన పాయసం వచ్చింది. సుసన్నమ్మగారు మనవరాల్ని పక్కన కూర్చోబెట్టుకుని చిన్న గిన్నె చేతిలోకి తీసుకున్నారు.

"నా బంగారం, నీ కోసమే వేరేగా చేయించాను. నోరు తెరువు."

లీదియా దగ్గరికొచ్చి చెంచాతో గిన్నె అడుగుదాకా కలిపి చూసింది. జీడిపప్పు పలుకన్నది లేదు. హమ్మయ్య అనుకుని, వచ్చినవాళ్ళకు మంచినీళ్ళు అందించడానికి వెళ్ళింది.

రెండో చెంచా మింగి తబితా మొహం చిట్లించింది.

"నానమ్మా, గొంతులో ఏదో గుచ్చుకుంటోంది."

"వేడిగా ఉన్నట్టుంది తల్లీ. ఊదుకుని తిను" అని ఆవిడ మూడో చెంచా తనే ఊది పెట్టారు.

ఆ చెంచా సగం మింగిందో లేదో, తబితా మెడ గీరుకోవడం మొదలుపెట్టింది. పెదవులు ఉబ్బాయి. కనురెప్పలు వాలిపోయాయి. తిన్నది కక్కేసింది. చుట్టూ ఉన్నవాళ్ళు లేచారు. ఎండదెబ్బ అన్నారొకరు. దిష్టి తగిలిందని ఇంకొకరు. మజ్జిగ తాగించమని దయామణి లోపలికి పరిగెత్తింది. పాస్టరుగారు పిల్ల తల మీద చెయ్యి ఉంచి కళ్ళు మూసుకున్నారు. ఆయన్ని చూసి అందరూ దగ్గరగా చేరి, కళ్ళు మూసుకుని ప్రార్థన అందుకున్నారు. ఆ గుంపు మధ్యలో పిల్ల ఊపిరి పీల్చుకోలేక పీలుస్తోంది. సన్నగా ఈలలాంటి చప్పుడు వస్తోంది. అది ఎవరికీ వినపడలేదు.

లీదియాకు వినపడింది. చేతిలో నీళ్ళ జగ్గు అక్కడే వదిలేసి, మనుషుల్ని తోసుకుంటూ వచ్చింది.

"తప్పుకోండి! అయ్యగారూ, ప్రార్థన కారులో చేద్దాం, ముందు దారివ్వండి! నా కూతురికి జీడిపప్పు పడదు! చచ్చిపోతుంది!"

ఇన్నేళ్ళూ తలుపు వేసి దాచిన మాట అందరి ముందూ బయటపడింది. అయినా ఎవరూ దాన్ని తప్పుపట్టలేదు. సంతోష్ కుమార్ పిల్లని ఎత్తుకుని పరిగెత్తాడు.

నూజివీడు దారిలో మామిడి లారీలు బారులు తీరి ఉన్నాయి. సంతోష్ కుమార్ హారన్ మీంచి చెయ్యి తీయలేదు. వెనక సీట్లో పిల్ల తల లీదియా ఒళ్ళో, కాళ్ళు నానమ్మ ఒళ్ళో ఉన్నాయి. "అమ్మా" అనబోయింది తబితా, గొంతు బొంగురుపోయి మాట రాలేదు. వేళ్ళు చల్లబడుతున్నాయి. సుసన్నమ్మగారు ఆ చిన్న పాదాలు రెండు చేతుల్తో రుద్దుతూ, "ప్రభువా, నన్ను తీసుకో, నన్ను తీసుకో" అని ఏడుస్తూనే ఉన్నారు.

ఆస్పత్రిలో డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ ఒక్క చూపు చూసి, ఏమీ అడక్కుండా తొడ మీద ఇంజక్షన్ ఇచ్చారు. ఆక్సిజన్ పెట్టారు. మళ్ళీ ఇంకో ఇంజక్షన్ ఇచ్చారు. తల్లీ తండ్రీ గోడకు ఆనుకుని నిలబడి పిల్ల ఛాతీ వంకే చూస్తున్నారు. చాలాసేపటికి ఆ ఈల చప్పుడు తగ్గి, ఊపిరి దారికొచ్చింది. ఇంకాస్త ఆలస్యమై ఉంటే చేయగలిగింది ఏమీ ఉండేది కాదని డాక్టరమ్మ చెప్పారు.

"జీడిపప్పు తినలేదండీ. నేనే కలిపి చూశాను" అంది లీదియా.

"సేమ్యా ఎందులో వేయించారు?"

"నేతిలోనేనండీ" అన్నారు సుసన్నమ్మగారు.

"ఆ నేతిలో అంతకుముందు ఏం వేయించారు?"

జీవితమంతా పాయసం వండిన మనిషి. జవాబు ఆవిడకు తప్ప ఇంకెవరికి తెలుస్తుంది? అక్కడే బల్ల మీద కూలబడిపోయారు.

మర్నాడు పిల్ల ఇంటికొచ్చింది. సామాన్లు తోమడానికి వచ్చిన మంగమ్మ మీద దయామణి విరుచుకుపడింది.

"కళ్ళు పోయాయా నీకు? వేరేగా చేయమంటే అదే నేతిలో తగలబెడతావా? పిల్లని చంపేసేదానివి గదే!"

మంగమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"ఇష్టం లేదన్నారమ్మా. పడదని చెబితే వేరే మూకుడు పెట్టేదాన్ని కదా! నాకూ పిల్లలున్నారమ్మా."

గుమ్మంలో నిలబడ్డ సుసన్నమ్మగారు ఆ మాట విన్నారు. విని లోపలికి వెళ్ళిపోయారు. ఆదివారం వచ్చేలోపు ఊళ్ళో మాట పాకిపోయింది. ఆ మంగమ్మ వంట తిని సుసన్నమ్మగారి మనవరాలు పోబోయిందట అన్నారు. పెళ్ళి వంటకి పిలిచిన ఒక ఇంటివాళ్ళు వద్దని కబురు పెట్టారు.

ఆదివారం ఆరాధనలో పాస్టరుగారు, దేవుడు చేసిన అద్భుతాన్ని గురించి సుసన్నమ్మగారు సాక్ష్యం చెబుతారని ప్రకటించారు. ఆవిడ ముందుకొచ్చి మైకు పట్టుకున్నారు. స్త్రీల వైపు చివర్న మంగమ్మ తల వంచుకుని కూర్చుని ఉంది.

"దేవుడు నా మనవరాల్ని బతికించాడు. ఆయనకి స్తోత్రం."

అందరూ "ఆమేన్" అన్నారు.

"ఆగండి, నా సాక్ష్యం అయిపోలేదు. దాన్ని చావుదాకా తీసుకెళ్ళింది నేను. మంగమ్మ కాదు. మంగమ్మతో నేను అబద్ధం చెప్పాను. పిల్లకి జీడిపప్పు పడదని చెప్పడానికి నాకు పరువు అడ్డమొచ్చింది. ఇష్టం లేదని చెప్పాను. ఎప్పుడో వచ్చే పెళ్ళికొడుకు ఏమనుకుంటాడోనని, నా ఒళ్ళో ఉన్న పిల్ల ప్రాణం మీదికి తెచ్చాను. నా కోడలు మొత్తుకుంటే నోరు మూయించాను. గొంతులో గుచ్చుకుంటోంది నానమ్మా అని అది చెబితే, ఊదుకుని తినమని ఇంకో చెంచా పెట్టాను."

ఈసారి ఎవరూ ఆమేన్ అనలేదు. పిల్లల మధ్య కూర్చున్న తబితా నానమ్మ వంక భయంగా చూస్తోంది. వెనక వరసలో ఒకావిడ తన కొడుకుని దగ్గరికి లాక్కుని కళ్ళు తుడుచుకుంది. ఆ ఇంట్లో ఏం దాస్తున్నారో ఆవిడకే తెలియాలి.

సుసన్నమ్మగారు మైకు రెండు చేతుల్తో పట్టుకుని, ఆ చివరి మాట అందరికీ వినపడేలా చెప్పారు.

"మీ బిడ్డకి ఏది పడదో వండేవాళ్ళకి సిగ్గుపడకుండా చెప్పండి, పక్కవాళ్ళ బిడ్డకి ఏదన్నా పెట్టేముందు వాళ్ళమ్మని అడగండి, వద్దంటే మానేయండి. నేను చెప్పలేదు, అడగలేదు, మానలేదు. పుట్టినరోజు పూట నా చేత్తో నేనే నా మనవరాలికి విషం తినిపించాను."