నోట్లో దాచిన చెంప

కొర్లమ్మ ఎడమ చెంప ఇప్పుడు నోట్లో కాపురం ఉంటోంది. అంగిట్లో పుండు కోసేస్తే చిల్లు మిగిలింది. డాక్టరమ్మ ముక్కు పక్క చర్మాన్ని మడిచి, లోపలికి తిప్పి, ఆ చిల్లు పూడ్చింది.

పుండు పడడంలో వింతేమీ లేదు. ఆ తీరంలో ఆడవాళ్లు చుట్టను నిప్పు లోపలికి పెట్టుకుని అడ్డపొగ తాగుతారు. గాలికి ఆరిపోకూడనిది నోట్లో ఉండాలన్నది వాళ్ల లెక్క.

"ఏ చెంప తియ్యమంటావమ్మా?" అని డాక్టరమ్మ అడిగినప్పుడు కొర్లమ్మ ఆ లెక్కే వేసింది. సముద్రం మీద చేపల వేటకెళ్తూ మొగుడు దానయ్య ముద్దు పెట్టింది ఎడమ చెంప మీద. మనిషి తిరిగి రాలేదు. ఉప్పుగాలికి ముద్దు కూడా అరిగిపోతోంది.

"ఎడందే తియ్యమ్మా. లోపలెట్టి కుట్టీ."

ఇప్పుడు నాలుకతో తడిమితే దానయ్య గడ్డం గరుగ్గా తగులుతుంది. చెంప సిగ్గుపడినప్పుడల్లా నోట్లో అన్నం ఎర్రబడుతుంది. స్నానం వేళ పసుపు అడుగుతుంది, కొర్లమ్మ వేలితో రాస్తుంది. గాలి దూరుతుందని ముద్దకూ వేలికీ తప్ప పెదవి విప్పదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఈ నోరు మూతపడ్డాక ఊరికి ఏమీ తోచడం లేదు.

కుట్లు చూడడానికి డాక్టరమ్మ ఒడ్డుకే వస్తుంది. కొర్లమ్మ నోరు తెరవదు. డాక్టరమ్మ ఆమె చెంప మీది కుట్ల మచ్చకు చెవి ఆనిస్తుంది.

"లోపల ఎవరో తెడ్డు వేస్తున్నాడమ్మా. ఒడ్డు కనబడడం లేదంటున్నాడు."

అది దానయ్యేనని కొర్లమ్మకు తెలిసిపోతుంది. నోరు తెరిస్తే ముద్దు ఆరిపోతుంది. తెరవకపోతే మనిషి రాడు. ఇన్నాళ్లూ ముద్దుతో సరిపెట్టుకుంది గానీ ఆమెకు కావలసింది మనిషే.

"బావా! ఇటు రా, ఇటు!"

ముద్దు నిప్పులా భగ్గుమని, గాలికి ఆరిపోతుంది. అయితేనేం, ఆ వెలుగు అతను చూశాడు. సముద్రం ఒడ్డు వదిలి అలలు అలలుగా ఆమె నోట్లోకి నడుస్తుంది. పడవ వచ్చి కింది పళ్లకు ఆనుకుంటుంది. దానయ్య తడిసిన బట్టలతో నాలుక మీదికి దిగుతాడు. తల పైకప్పుకు తగులుతుంది.

"ఒలే, ఇంటికప్పు ఇంత మెత్తగుందేటే?"

జవాబు చెబితే నాలుక కదులుతుంది, అతను పడిపోతాడు. దానయ్య చీకట్లో కప్పును తడుముతాడు. తను ముద్దు పెట్టిన చెంపేనని గుర్తుపడతాడు. తల వెనక్కి వాల్చి, మునివేళ్ల మీద లేచి పెదవులు ఆనిస్తాడు.

గాలి తగలకుండా కొర్లమ్మ మెల్లిగా నోరు మూస్తుంది. కాసేపటికి ఆమె ముక్కులోంచి సన్నగా పొయ్యిపొగ లేస్తుంది, చేపల వేపుడు వాసనతో.