కొత్త సిస్టమ్‌లో పెద్దకర్మ కార్డు

మా ఆవిడ పోయిన ఐదో రోజున నేను షాపుకి వెళ్లాను. మైలలో ఉన్నవాడు అలా వెళ్లకూడదని నాకూ తెలుసు. అందులోనూ మాది పెళ్లికార్డుల షాపు. అయినా వెళ్లాను. ఆవిడ పెద్దకర్మ కార్డు కంపోజ్ చెయ్యాలి. మారేడ్‌పల్లిలో ఆ కుర్చీలో కూర్చుని పదకొండేళ్లుగా ఊరందరి పెళ్లిళ్లకీ చావులకీ కార్డులు కొట్టినవాణ్ణి, నా ఇంటి కార్డు ఇంకొకరి చేత కొట్టించుకోవడమేమిటని నా పంతం. కర్మ చేసేవాడు మా అబ్బాయి సూరి. వాడికి ఇంట్లో చేతినిండా పనుంది. నాకేమీ లేదు.

ఏడుపు కూడా రాలేదు. మల్కాజ్‌గిరిలో మా ఇంటికి వచ్చినవాళ్లందరూ నా మొహం వంక చూసి, "పాపం, రాయైపోయాడు" అనుకుంటూ వెళ్లారు. రాయీ లేదు, రప్పా లేదు. పన్ను పీకేముందు ఇంజెక్షన్ ఇస్తే పెదవి మనది కానట్టు ఉంటుందే, ఒళ్లంతా అలా ఉంది. సోమవారం పొద్దున వంటింట్లో పడిపోయింది, ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది. నన్నెవరడిగినా ఇంతే చెప్పాను, బస్సు టైము చెప్పినట్టు చెప్పాను.

షాపు ఓనరు రఘునాథ్ గారు ఊళ్లో లేరు. ఆయన భార్య నాగజ్యోతి గారు కౌంటర్లో ఉన్నారు. నన్ను చూసి లేచి నిలబడ్డారు.

"అయ్యో పైడిబాబు గారూ, మీరెందుకొచ్చారండీ? ఫోను చేస్తే మేమే కొట్టించేవాళ్లం కదా."

"నాను కొట్టుకుంటానమ్మా. పది నిమిషాల పని."

ఆవిడ నా టేబుల్ మీద పసుపు పెట్టి ఉంచిన శాంపిల్ కార్డుల కట్టలు తీసి లోపల బీరువాలో పెట్టారు. నేనేమీ అనుకోలేదు. ఆవిడ స్థానంలో నేనున్నా అదే చేసేవాణ్ణి.

వెనకగదిలో మిషను నడిపే నర్సింగ్ బయటికి వచ్చి నా భుజం మీద చెయ్యి వెయ్యబోయి, మైల గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాడు.

"పైడన్నా, నాలుగింటికల్ల ప్రింటు ఇస్తే ప్లేటు జేస్త. ఆరింటికి కార్డులు నీ చేతుల వెడ్త. జెర లేటైతే మాత్రం నాతోని గాదే. ఐదింటికి వేరే ఆర్డరు ఎక్కియ్యాలె."

ఆరింటికి కార్డులు చేతికొస్తే స్టేషన్లో రైలు టపాలో పడతాయి. అప్పుడే గురువారం కర్మకి ముందు బొబ్బిలి అవతల మా ఆవిడ పుట్టింటికి చేరతాయి. చావు కబురు టెలిగ్రాంలో వెళ్లింది, నిజమే. కానీ ఆ ఇంట్లో కర్మకి కార్డు వస్తేనే పిలిచినట్టు. కార్డు రాకపోతే అన్నదమ్ముల్లో ఒక్కడూ కదలడు. ఆవిడ తరఫు మనిషి లేకుండా ఆవిడ కర్మ జరగకూడదు. ఆ ఒక్కటీ జరిగితే చాలనుకున్నాను.

కుర్చీలో కూర్చున్నాను. ఎదురుగా నా సిస్టమ్ లేదు.

అది రెండువేల సంవత్సరం. అమీర్‌పేట వెళ్లే ఏ బస్సు ఎక్కినా కంప్యూటర్ కోర్సుల ఫైళ్లు చంకలో పెట్టుకున్న పిల్లలే. బేగంపేటలో అద్దాల ఆఫీసులు లేస్తున్నాయి. నల్లటి తెర మీద ఆకుపచ్చ అక్షరాలతో పని చేస్తుంటే కస్టమర్లు నవ్వుతున్నారని రఘునాథ్ గారికి బెంగ పట్టుకుంది. కొత్తది తెస్తానని ఏడాదిగా అంటున్నారు. సరిగ్గా ఈ వారమే తెచ్చారు. నేను శ్మశానం నుంచి వచ్చి స్నానం చేసి కూర్చున్న మర్నాడు పాతదాన్ని ఎవరికో ఇచ్చేశారట.

"ఇది విండోసండీ. అంతా మౌసుతోనే" అన్నారు నాగజ్యోతి గారు. ఆవిడ మూడు నెలలు కోర్సుకి వెళ్లి నేర్చుకున్నారు. తెలుగు అక్షరం ఏ మీట మీద ఉందో ఒక కాగితం మీద రాసి గోడకి అంటించారు. ఆ వరసలో ఒక్కటీ నా పాత చోట లేదు.

పాత సిస్టమ్‌లో నేను తెర చూసేవాణ్ణి కాదు, మీటలు అసలే చూసేవాణ్ణి కాదు. ఒక మీట కొడితే "శ్రీమతి & శ్రీ" వచ్చేది. ఇంకోటి కొడితే "బంధుమిత్రుల అభినందనలతో". ఇంకోటి కొడితే "వారి ఆత్మకు శాంతి కలగాలని". పాత కార్డు తెరిచి పేర్లు మార్చడమే తప్ప మొదటి నుంచి కొట్టడమనేదే లేదు. నిజం చెప్పాలంటే నేను అందుకే వచ్చాను. నా వేళ్లు కొట్టేస్తాయి, నేను అక్కడ ఉండక్కర్లేదనుకున్నాను.

మౌసు పట్టుకుంటే బాణం తెర చివరికి పోయి కనపడకుండా పోయింది. నేను టేబుల్ అంచుదాకా జరిపాను, ఇంక చోటు లేదు. "ఎత్తి మళ్లీ మధ్యలో పెట్టండి" అన్నారావిడ. రెండుసార్లు నొక్కమంటే నేను నొక్కేది ఒకటిన్నరసార్లు. తెరవమన్నది తెరుచుకోదు, అడగనిది వచ్చి మీద పడుతుంది. పాత కార్డులన్నీ పాతదాంతోనే పోయాయి. తెల్లకాగితం లాంటి తెర, పైన మిణుకుమిణుకుమంటూ ఒక గీత. విసుగొచ్చింది. ఆ విసుగు కూడా ఎవరిదో అయినట్టు దూరంగా ఉంది.

గోడ కాగితం చూడడం, మీట వెతకడం, తెర చూడడం. ఒక్కో అక్షరం ఒక్కో పావలా కాసు వెతికినట్టు వెతికి కొట్టాను. "నా భార్య" అన్న రెండు మాటలకి ఐదు నిమిషాలు పట్టింది. తర్వాత ఆవిడ పేరు దగ్గరికి వచ్చాను.

పోయిన మాఘమాసంలో మా మేనకోడలి పెళ్లికార్డు ఈ టేబుల్ మీదే కొట్టాను. మా ఆవిడ భోజనం క్యారేజీ తెచ్చి, కార్డు తీసుకుని, కింద ఆహ్వానించేవాళ్ల వరసంతా వేలు పెట్టి చదివింది. "ఇందులో నా పేరేదండీ?" అంది. "శ్రీమతి & శ్రీ పైడిబాబు అని లేదా? శ్రీమతి అంటే నువ్వే కదే" అని నవ్వాను. "అలాగా" అంది. క్యారేజీ గిన్నెలు సర్దుకుని వెళ్లిపోయింది. పదకొండేళ్లలో చుట్టాల కార్డులు ఎన్ని కొట్టానో, ఒక్కదాంట్లోనూ ఆవిడ పేరు లేదు. అది కొట్టడం ఇదే మొదటిసారి. వెతికి వెతికి కొట్టాను. అప్పుడు కూడా నాకేమీ అనిపించలేదు. మూడున్నరకి పదకొండు లైన్లూ పూర్తయ్యాయి.

ఇక పాతదాంట్లో చేసినట్టే ముందు మూసి, తర్వాత ప్రింటు తియ్యడమే. మూయబోతే తెర మధ్యలో ఇంగ్లీషులో ఒక ప్రశ్న వచ్చింది. నేను చదవలేదు. చదవాల్సిన పనేముంది? పాతదీ రోజూ మూసేముందు ఒక ప్రశ్న అడిగేది, "కొట్టింది వదిలెయ్యనా?" అని. వద్దని ఎన్ నొక్కేవాణ్ణి. పదకొండేళ్లు నొక్కాను. ఇప్పుడూ నా వేలు అదే నొక్కింది.

తెర ఖాళీ అయింది.

నాగజ్యోతి గారు వచ్చి అటూ ఇటూ వెతికి, "ఇది 'దాచమంటారా' అని అడుగుతుందండీ. మీరు వద్దన్నారు" అన్నారు మెల్లిగా.

లోపలి నుంచి నర్సింగ్ కేకేశాడు. "పైడన్నా, అయిందానే? టైమైతున్నది!"

నేను మళ్లీ గోడ కాగితం వంక చూశాను. ఒక్క అక్షరమూ ఎక్కడుందో గుర్తు లేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

"లేవండి, నేను కొడతాను. మీరు చెప్పండి" అన్నారావిడ.

"నాను ముట్టుకున్నానమ్మా దాన్ని. మైల."

"ఇంటికెళ్లి తలస్నానం చేస్తాలెండి. లేవండి."

లేచాను. ఆవిడ కూర్చుని చకచకా కొట్టడం మొదలుపెట్టారు. నేను వెనక నిలబడి చెప్పాను. నా భార్య. కీర్తిశేషురాలు. శ్రీమతి. బోని.

అక్కడ ఆగిపోయాను.

"ఇంటిపేరు బోని. పేరండీ?" అన్నారావిడ తెర వైపే చూస్తూ. ఆవిడకి తెలియదు. షాపులో ఎవరికీ తెలియదు. అందరికీ మా ఆవిడ పైడిబాబు గారి మిసెస్సే.

ఆవిడ కాపురానికి వచ్చి ఇరవయ్యారేళ్లు. "ఒలే" అన్నాను, "ఇదిగో" అన్నాను, "సూరిగాడి అమ్మా" అన్నాను. ఆ పేరు నా నోటితో ఒక్కసారైనా అనలేదు. మా ఇళ్లలో ఎవరూ అనరు.

"నూకరత్నం" అన్నాను.

"వినపళ్లేదండీ. కాస్త గట్టిగా."

"నూకరత్నం!"

గట్టిగానే వచ్చింది. వీధి గుమ్మంలోంచి వంటింట్లోకి పిలిచినంత గట్టిగా వచ్చింది. వెనకగదిలో మిషను ఆగింది. నేను నిలబడి ఉన్నాను. వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ మనిషి బయటికి రావడానికి ఎంతసేపు పడుతుందో, అంతసేపు ఆగాను.

ఆ తర్వాత ఏడ్చాను.