అన్నం ముందు మాట

కొత్త కోడలు వచ్చిన పదిరోజులకే అత్తగారు తేల్చేసుకుంది, ఈ పిల్లకు మేమెవరమూ నచ్చలేదని.

మిగతా వేళల్లో కోడలు బాగానే కలిసిపోయేది. కంచం ముందు కూర్చుంటే మాత్రం నోటికి తాళం పడేది. ఆ ఇల్లేమో సంత. అత్తగారు ముప్పయ్యేళ్లు సిటీ బస్సులో కండక్టరు. ఇంట్లోనూ వెనక సీటుదాకా వినబడేలాగే మాట్లాడేది. కొడుకు మోటార్లు వైండింగ్ చేసే షాపు కబుర్లన్నీ అన్నంలో కలుపుకునే తినేవాడు. ఆడపడుచు వాళ్లన్న మాటకు అడ్డం తగలందే ముద్ద మింగేది కాదు. వాళ్ల మధ్య కోడలు తల వంచుకుని, చప్పుడు కాకుండా తినేసి లేచిపోయేది. కూర బాగాలేదా అంటే బాగుందన్నట్టు తలూపేది.

ఒకనాడు బట్టలు ఆరేస్తూ అత్తగారు అడిగేసింది.

"నామీద కోపముంటే మొహమ్మీదే చెప్పమ్మా. బస్సులో ఎన్ని తిట్లు తిన్నానో, ఇదో లెక్కా? నువ్వట్లా మాట్లాడకుండా తింటుంటే నాకు ముద్ద దిగట్లేదు."

కోడలు నిర్ఘాంతపోయింది. తన తీరు ఇంకొకరికి అలకలా కనబడుతుందని ఆమెకు తట్టనే లేదు. మెల్లగా చెప్పుకొచ్చింది. వాళ్ల నాన్నకు పేపర్ ప్రెస్సులో రాత్రి డ్యూటీ. ఇల్లంతా కలిపి ఒకటే గది. పగలు ఆయన కర్టెన్ అవతల పడుకుంటే, ఇవతల తల్లీకూతుళ్లు తినేవారు. చెంచా చప్పుడైనా అమ్మ కళ్లెర్రజేసేది.

"తినేటప్పుడు మాట్లాడటం తప్పనుకునే పెరిగానత్తయ్యా. ఎందుకు తప్పో అడగాలని కూడా తోచలేదు."

అత్తగారు చేతిలోని తడి దుప్పటి దులిపి తీగమీద వేసింది.

ఆ ఆదివారం కోడలి తండ్రి చూడ్డానికొచ్చాడు. ఆయన తినేంతసేపూ ఎవరైనా నోరు విప్పితే ఊరుకోనని అత్తగారు పిల్లలిద్దరినీ ముందే బెదిరించి ఉంచింది. అందరూ బుద్ధిగా కూర్చున్నారు. ఆడపడుచు మాటలు ఆపుకోలేక నీళ్లమీద నీళ్లు తాగుతోంది. రెండు ముద్దలు తిన్నాక పెద్దాయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"చెల్లెమ్మగారూ, మా పిల్ల వల్ల ఏమైనా పొరపాటు జరిగిందా? ఎవరూ మాట్లాడట్లేదు."

ఆడపడుచు ఫక్కున నవ్వేసింది. అత్తగారు సంగతంతా చెప్పింది. ఆయన కూతురి వైపు తిరిగాడు.

"నాకు నిద్రెక్కడ పట్టేదమ్మా? మిషన్ల హోరు చెవుల్లో ఆగేది కాదు. మీరిద్దరూ మాట్లాడుకుంటుంటే వింటూ పడుకుందామని ఉండేది. మీరేమో పలికేవాళ్లు కాదు. నేనున్నానని మొహమాటమేమో అనుకునేవాణ్ని."

ఆయన నిద్ర కోసం తాము అన్నేళ్లు నోరు కట్టేసుకుంటే, ఆయనకు దక్కింది ఈ వెలితా! కోడలు నోట్లో ముద్ద ఉండగానే, ముందు గుర్తొచ్చిన మాట చెప్పేసింది.

"నాలుగో తరగతిలో నా బొమ్మకు ప్రైజొచ్చింది నాన్నా. ఆరోజు అన్నం తింటూ చెబుదామనుకున్నా."

"ఏం బొమ్మేశావు?"

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. సగంలో ఆడపడుచు అడ్డం తగిలింది. అత్తగారు కూతురిని కసిరి, తనే ఇంకో ప్రశ్న వేసింది. చేతులెండిపోతున్నా ఎవరూ లేవలేదు.