ముల్లు లేని తీగ

పెళ్ళయిన ఎనిమిదేళ్ళలో మా బావగారు ధర్మలింగం నాతో ఒక్క మాట కూడా నేరుగా మాట్లాడలేదు. కోపమేమీ లేదు, మద్రాసు పురసవాక్కంలో మా ఇంటి పద్ధతి అంతే. తమ్ముడి భార్య బావగారి ఎదుట పడకూడదు. ఏదైనా చెప్పుకోవాలంటే వంటింటి తలుపు వెనక నిలబడి అత్తగారితో చెప్పాలి. ఆయన హాల్లో ఊయల బల్ల మీద కూర్చుని అంతా వింటాడు. విని కూడా, మా అత్తగారు వాసవాంబ అదే మాటను రెండోసారి చెప్పేదాకా బదులు పలకడు. పాపం, మా ఇద్దరి మధ్య ఆమె మోసినన్ని కబుర్లు ఏ పోస్ట్‌మ్యానూ మోసి ఉండడు.

నేను పుట్టింది నీలగిరి కొండల్లోని కూనూరులో. మా నాయన యతిరాజులు అక్కడ కిరాణా అంగడి పెట్టుకుని దొరల బంగళాలకు సరుకులు పంపేవాడు. కొండదారుల వెంట కంచెల్లో బ్లాక్‌బెర్రీ పొదలుండేవి. బడి వదలగానే వాటిమీద పడేదాన్ని. ఇంటికి వచ్చేసరికి నోరు నల్లగా, చేతులు ఎర్రగా ఉండేవి. నలుపు పండ్లది, ఎరుపు ముళ్ళది.

యాభై నాలుగులో ఒక దొరసాని తన దేశానికి వెళ్ళిపోతూ తన తోటలోని బ్లాక్‌బెర్రీ మొక్క ఒకటి నాయనకు ఇచ్చింది. దానికి ముళ్ళు లేవు. నాయన దాన్ని తడిగోనెలో చుట్టి, రాత్రంతా రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చి నా చేతికిచ్చాడు.

"మద్రాసు ఎండకి కాస్తుందో కాయదో నాకు తెలీదమ్మా, మంగా. తీగ బాగా సాగినాక దాని కొనను వంచి మట్టిలో పూడ్చు. ఆడ వేరు పట్టి ఇంకో మొక్క లేస్తుంది," అన్నాడు.

ఆ ఇంట్లో అంతవరకు నాదంటూ ఏమీ లేదు. నా చీర అత్తగారు ఎంచేది, నేను వండే కూర బావగారు చెప్పేవాడు. మా ఆయన నాగలింగం మంచివాడే, కానీ అన్న నోరు తెరిస్తే తప్ప ఆయనకు అభిప్రాయం పుట్టేది కాదు. ఈ మొక్క మాత్రం నాది. మధ్యాహ్నపు ఎండ తగలని చోటు చూసి, పెరట్లో బావి పక్క గోడవారగా నాటుకున్నాను.

సాయంత్రానికే పంచాయితీ మొదలయింది. ముళ్ళ మొక్క ఇంట్లో ఉంటే కలహం వస్తుందని మా బావగారి నమ్మకం. వెనక చిన్నాన్నలతో తగాదా వచ్చినప్పుడు ఆయన పెరటి నిమ్మచెట్టు మీద నేరం మోపి నరికించాడు. తగాదా ఆగలేదు. ఊరగాయకు నిమ్మకాయలు మాత్రం అంగట్లో తెచ్చుకుంటున్నాం.

"అమ్మా, పెరట్లో ఏందో ముళ్ళచెట్టు పెట్టినారంట?"

"దానికి ముళ్ళు లేవు అత్తా. వచ్చి తడిమి చూడమనండి," అన్నాను తలుపు వెనక నుంచి.

"ముళ్ళు లేవంట రా. తడిమి చూడమంటా ఉండాది," అంది అత్తగారు.

"నేను తడిమేదేంది? ఈ పొద్దు లేకుంటే రేపు వస్తాయి. ఒక్క ముల్లు కనబడినా వేరుతో సహా పీకి పారేయాల. సమ్మతమేనా, అడుగు."

"సమ్మతం," అన్నాను, అత్తగారు అడిగేదాకా ఆగకుండా. "ముల్లు కనబడితే నా చేత్తో నేనే పీకేస్తా."

మొదటి ఏడు ఒక్క పువ్వు పూయలేదు. "ఏం మంగా, మీ కూనూరు మహారాణి ఇంకా నిద్ర లేవలేదా?" అని అత్తగారు రోజూ వేళాకోళం చేసేది. నేను పట్టించుకోలేదు. రెండో ఏడు తీగలు నా ఎత్తు దాటి గోడమీద పడ్డాయి. ఐప్పసి నెలలో, దీపావళి వానలకు, నాయన చెప్పినట్టే రెండు తీగల కొనలు వంచి, పక్కనే రెండు కుండీల్లో పూడ్చి, పైన రాళ్ళు పెట్టాను.

అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. మా ఇంట్లో మల్లెపొదలకు మార్గళిలో, అంటే ధనుర్మాసంలో, ఒక మర్యాద జరుగుతుంది. కొమ్మలు కత్తిరించి, ఆకు దూసి, పాదు లోతుగా తవ్వి, సన్నవేళ్ళు తెగ్గొట్టి నాలుగు రోజులు ఎండబెడతాం. ఆ తర్వాత ఎరువు వేసి నీళ్ళు పెడితే వేసవిలో విరగబూస్తాయి. ఆ ఏడు మల్లెలకు చేసిన చేత్తోనే, అదే పారతో, నా బ్లాక్‌బెర్రీకీ పాదు తవ్వాను. తీగల్ని ముట్టుకోలేదు, అంతవరకు బుద్ధి ఉండింది. వేళ్ళు మాత్రం పటపటా తెగాయి. మల్లెకు మంచిదైంది దీనికి చెడ్డదెట్లా అవుతుందనుకున్నాను. నా అతితెలివి!

మాసి నెలలో, శివరాత్రి దాటగానే, తీగ పూసింది. తెల్లటి చిన్న పూలు. పంగుని నెల, ఉగాది రోజులు వచ్చేసరికి అయిదు కాయలు నిలిచాయి. ఆకుపచ్చ నుంచి మెల్లగా ఎరుపుకు తిరగసాగాయి. పొద్దున లేవగానే పెరట్లోకి పరుగెత్తి లెక్కపెట్టుకునేదాన్ని. చిన్నపిల్లనైపోయాను.

ఆ సంబరంలో ఉండగానే పాదులోంచి కొత్త పిలక ఒకటి లేచింది. వేలెడంత కూడా లేదు, ఒళ్ళంతా ముళ్ళు. ఎవరూ చూడకముందే తుంచి పారేశాను. వారానికి మరో రెండు లేచాయి. నాయనకు ఉత్తరం రాస్తే కార్డు వచ్చింది. దొరసాని తోటమాలిని అడిగి రాశాడు: "ఈ జాతిలో వేరు తెగిన చోట పిలక లేస్తే దానికి ముళ్ళు వస్తాయంట. తీగ కొన నుంచి లేచిన మొక్కకు రావంట. నువ్వు వేళ్ళ జోలికి ఎందుకు పోయినావమ్మా?"

ఎందుకు పోయానో ఏమని రాసేది? దొంగలా పిలకలు తుంచుతూ కూర్చున్నాను. ఒకరోజు తుంచింది బావి దగ్గర తూము పక్కన పడేసి మరిచిపోయాను. బావగారు స్నానానికి వచ్చి సరిగ్గా దానిమీదే కాలు వేశాడు.

ఊయల బల్ల మీద పాదం ఒళ్ళో పెట్టుకుని ఆయన వేసిన కేకకు వీధిలో వాళ్ళు తొంగిచూశారు. "అమ్మా! మాట ఇచ్చినారు గదా, ఇప్పుడేమంటారో అడుగు!"

"కాయలు ఎర్రబడినాయి అత్తా. నల్లబడేదానికి ఒక్క వారం చాలు. వారం ఆగమనండి," అన్నాను. బతిమాలుకున్నాననే చెప్పాలి.

"మాటంటే మాటే."

మా ఆయన అక్కడే ఉన్నాడు. నేల చూపులు చూస్తూ, "అన్న చెప్పినాక..." అని నసిగాడు. ఆ మాటతో నా బతిమాలడం అయిపోయింది.

పెరట్లోకి పోయాను. ముందు కుండీల్లోకి వంగిన రెండు తీగల్నీ కుండీల దగ్గర కత్తిరించి విడదీశాను. తర్వాత పార వేసి పెద్ద మొక్కను వేరుతో సహా పీకాను. ముళ్ళ పిలకలు అరచేతుల్లో దిగాయి. నొప్పికి కాదు, రైల్లో రాత్రంతా ఆ గోనెను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మా నాయన గుర్తొచ్చి ఏడ్చాను. ఏడుస్తూనే పీకాను.

అత్తగారు వచ్చి నిలబడింది. పడి ఉన్న తీగ నుంచి ఒక ఎర్రకాయ తుంచి నోట్లో వేసుకుని మొహం చిట్లించింది. "పుల్లంగా ఉండాది," అంది. హాలు వైపు ఒకసారి చూసి, "ఆ వారం ఆగుంటే తియ్యగా అయ్యుండును," అంది గొంతు తగ్గించి.

నేను కుండీ ఒకటి చంకనెత్తుకున్నాను. అందులో జానెడు మొక్క, అరచేయంత ఆకులు. వంటింట్లోకి నడిచాను. తలుపు దాకా వచ్చాను. ఎనిమిదేళ్ళుగా నా కాళ్ళు ఆగిన చోటు అది. దాటాను.

నన్ను చూసి ఊయల ఆగిపోయింది. కుండీ ఆయన ముందు పెట్టాను.

"బావా, పెరట్లో చెట్టు లేదు. నా మాట నేను నిలబెట్టుకున్నా. ఇది దాని తీగ కొన నుంచి లేచిన పిల్ల, దీనికి ముళ్ళు లేవు. వేరు తెగ్గొట్టినందుకే దానికి ముళ్ళొచ్చినాయి. ఆ తప్పు నాది, చెట్టుది కాదు. దీన్ని పెరట్లో దాచను. వీధి అరుగుమీద పెడతా. పోతా వస్తా చూసుకోండి. ముల్లు కనబడితే నన్ను పిలవండి, పేరు పెట్టి పిలవండి. నా పేరు అలివేలుమంగ."

మా ఆయన తలెత్తి చూశాడు. బావగారి మొహం కందిపోయింది. నా వైపు చూడకుండా అత్తగారి వైపు తిరిగాడు. "అమ్మా, ఆమెకి చెప్పు..."

"నువ్వే చెప్పరా," అంది అత్తగారు. "నీ ఎదురుగానే ఉండాది గదా."

ఆయన చివరికి వంగి, ఆ చిన్న మొక్కను మొదలు నుంచి కొనదాకా బొటనవేలితో తడిమాడు. ఆకులు తిప్పి కింద కూడా చూశాడు. మళ్ళీ మొదలు నుంచి తడిమాడు.

ఆయన వెతుకుతున్నంతసేపూ నేను అక్కడే నిలబడి ఉన్నాను. తలుపు వెనక్కి పోలేదు.